కరిస్తే చెప్పు

మైలవరం
11 సెప్టెంబరు 2024

మహారాజశ్రీ బసవపున్నారావు బావగారి పాదపద్మములకు పాండురంగారావు నమస్కరించి రాయునది.

ఉత్తరం చూసి గుండె పట్టుకోకండి. మా స్వాతి పెళ్ళిలో ఇక మీతో మాట్లాడనని పదిమందిలో ఒట్టు వేసుకున్నాను. మీరూ వేసుకున్నారు. రాయనని మాత్రం ఇద్దరిలో ఎవరమూ అనలేదు. వేసవి అంతా ఆలోచిస్తే నాకు ఈ సందు కనిపించింది. మిమ్మల్ని నాలుగు మాటలు అనకపోతే అన్నం సహించడం లేదు.

ఆ రోజు సంగతి మీరు మరిచిపోయారేమో, నేను మరిచిపోలేదు. పెళ్ళికూతురి తండ్రిని, స్వయంగా నా చేత్తో మీ విస్తట్లో పూర్ణం బూరె వేస్తే పక్కకి నెట్టేశారు. మళ్ళీ వేస్తే మళ్ళీ నెట్టారు. సొంత బావగారే ఆ ఇంటి తీపి ముట్టలేదేమిటని వియ్యాలవారు గుసగుసలు పోయారు. ఎందుకండీ అని అడిగితే మీరన్న మాట: "చెట్టుకింద కుర్చీ వేసుకుని విజిలూది పిల్లల్ని పరిగెత్తించినవాడివి. నా చేత కూడా డ్రిల్లు చేయిద్దామనుకున్నావా?" పందిరంతా నవ్వింది. మా అల్లుడు కూడా నవ్వాడు.

సరే, డ్రిల్లే చేయిస్తాను. జనవరి మొదటి ఆదివారం బెజవాడలో వాకర్ల సంఘం వాళ్ళు పరుగు పెడుతున్నారు. అరవై దాటినవాళ్ళకి ఐదు కిలోమీటర్లు. మీరు ఆగకుండా చివరిదాకా పరిగెత్తితే నేనే మీ గుమ్మంలోకి వచ్చి ముందు మాట్లాడతాను. మధ్యలో చతికిలబడితే మీరు మా ఇంటికొచ్చి, మా వియ్యాలవారి ఎదుట కూర్చుని, నేను వడ్డించినన్ని బూరెలు తినాలి. ఒకసారి బొజ్జ తడుముకుని జవాబు రాయండి.

మాటలు లేని మీ బావమరిది
పాండురంగారావు

*

ఆగిరిపల్లి
17 సెప్టెంబరు 2024

చిరంజీవి పాండురంగారావుకి ఆశీస్సులు. నువ్వు చిరంజీవిగానే ఉండాలి, కనీసం ఓడిపోయి నా గుమ్మంలో నిలబడేదాకా.

పందేనికి ఒప్పుకున్నాను. నా బొజ్జ నా తోట మీద పెరిగింది, నీలాగా విజిలూది సంపాదించింది కాదు.

పంచె ఎగ్గట్టి వట్టికాళ్ళతో పరిగెడతాను. ఇవి మామిడి తోటలో తిరిగిన కాళ్ళు. మొన్న కలుపు తీయిస్తుంటే ఇంత పొడుగు తుమ్మముల్లు అరికాల్లో దిగింది. నాకు తెలియనే లేదు. ఇంట్లో నేలంతా రక్తపు మరకలు చూసి మీ అక్క గోల చేస్తే అప్పుడు చూసుకున్నాను. నీ కాల్లో గుండుసూది గుచ్చుకుంటే మైలవరమంతా తెలుస్తుంది. అదీ మనిద్దరికీ తేడా.

మీ అక్క మాత్రం చెప్పుల్లేకుండా నన్ను గడప దాటనివ్వడం లేదు. ముసలితనంలో తులసమ్మకి నా కాళ్ళ మీద కొత్త ప్రేమ పుట్టింది. పడుకునే ముందు పాదాలు అటూ ఇటూ తిప్పి మరీ చూస్తుంది. పరుగంటే వద్దని ఒకటే పోరు. పందెం కాశానంటే ఏడ్చింది. చివరికి, బూట్లు వేసుకుంటేనే అని ఒప్పుకుంది.

కాబట్టి ఏం వేసుకుని పరిగెత్తాలో వివరంగా రాయి. నీకు వచ్చిన విద్య అదొక్కటే.

నీ బావ
బసవపున్నారావు

*

మైలవరం
25 సెప్టెంబరు 2024

బావగారి పాదపద్మములకు నమస్కారములు. ఇన్నాళ్ళకి ఆ పాదాలకు ఒక పని దొరికింది.

పంచె మాట మళ్ళీ ఎత్తకండి. పంచెతో పరిగెడితే గీత ముందు దాటేది పంచె, తర్వాత మీరు, ఆ తర్వాత పోలీసులు. మోకాళ్ళ పైకి ఉండే నిక్కరు కొనుక్కోండి. మీది తొడలు ఒరుసుకునే శరీరం, అందుకని లోపల ఒంటికి పట్టి ఉండే లాగు వేసుకోండి. నూలు బనీను వద్దు. చెమట తాగి ఒంటికి అతుక్కుని గీరుకుపోతుంది. చెమట తొందరగా ఆరే పల్చటి చొక్కా, వదులుగా ఉన్నది వేసుకోండి. జనవరి పొద్దున మంచుగా ఉంది కదా అని స్వెట్టరూ మఫ్లరూ తగిలించుకుంటే కిలోమీటరు దాటేసరికి కుండలో పప్పులా ఉడుకుతారు. బయల్దేరేటప్పుడు కాస్త చలేసిందంటే సరైన బట్టలు వేసుకున్నట్టు. సాక్సులు కూడా నూలువి పనికిరావు. తడిస్తే ఆరవు, బొబ్బలు లేస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యం షూస్. పాదం కొలత పొద్దున తీయకూడదు, పగలంతా తిరిగాక సాయంత్రం తీయాలి. అప్పటికి పాదం ఉబ్బి ఉంటుంది. పరిగెత్తేటప్పుడూ అలాగే ఉబ్బుతుంది. వేళ్ళ ముందు ఒక బొటనవేలు పట్టేంత ఖాళీ ఉండాలి. మడమ జారకూడదు, వేళ్ళు ఇరుక్కోకూడదు. బిగుతు షూతో పరిగెత్తిన పిల్లల కాళ్ళు నేను ఉద్యోగమంతా చూశాను. గోళ్ళు నల్లబడి ఊడిపోతాయి, చర్మం చీకిపోతుంది. కొత్తవి తీసుకెళ్ళి పందెం రోజున వేసుకోవడం తెలివితక్కువ పని. ముందునుంచీ వేసుకుని కాలికి అలవాటు చెయ్యాలి.

కొట్టుకెళ్ళి నంబరు చెప్పడం మీకు చేతకాదు. మన పాత పద్ధతే మేలు. ఈనుపుల్లని మీ పాదం పొడుగున కోసి, ముందు ఖాళీకి కూడా కలిపి, కవర్లో పెట్టి పంపండి. బెజవాడ వెళ్ళి నేనే కొంటాను. నా కానుక అనుకోండి.

మీ శ్రేయోభిలాషి
పాండురంగారావు

*

ఆగిరిపల్లి
6 అక్టోబరు 2024

పాండురంగారావుకి ఆశీస్సులు.

పుల్ల పంపుతున్నాను. మీ అక్క కొత్త చీపురులోంచి లాగింది. నన్ను గచ్చు మీద నిలబెట్టి, మడమ నుంచి వేళ్ళదాకా కొలిచి, తన బొటనవేలు అడ్డం పెట్టి ఆ ఖాళీ కూడా కలిపి కోసింది. నువ్వు రాసినట్టే సాయంత్రం పూట.

నిక్కరు నూజివీడులో కొన్నాను. వేసుకుని తోటలోకి వెళితే మన పాలేరు బుచ్చయ్య పలకరించకుండా తల తిప్పుకున్నాడు. ఆ వయసులో వాడికి సిగ్గేసింది, నాకు వెయ్యలేదు.

మీ అక్క తన మాటగా ఇది రాయమంటోంది: బూట్లు మెత్తగా ఉండాలి, వదులుగా ఉండాలి, లోపల కుట్టు కాలికి తగలకూడదు. ఎంత ఖరీదైనా సరే అలాంటివే కావాలట. మీ తమ్ముడికి నా కాలు తెలియదా అంటే, "తెలియదు, రాయండి" అంది. రాశాను.

నీ బావ

*

మైలవరం
24 అక్టోబరు 2024

బావగారి పాదపద్మములకు నమస్కారములు.

బస్సు పార్సెల్‌లో షూస్ పంపించాను. నల్లవీ బూడిదరంగువీ కూడా ఉన్నాయి కానీ ఎర్రవే తీసుకున్నాను. కుంకుమ ఎరుపు. మీరు దారిలో ఎక్కడ పడిపోయినా వెతకడం తేలిక. ఆగిరిపల్లిలో కోడిపుంజులన్నీ వాటిని చూసి అసూయపడతాయి.

మీ పెళ్ళినాటికి నేను నిక్కర్లవాణ్ణి. నాకు మొట్టమొదటి చెప్పుల జత కొనిచ్చింది మీరే. తొడిగి, "కరిస్తే చెప్పు" అన్నారు. "కరిస్తే చెప్పు, కరవకపోతే బూటా?" అని నేనడిగానని అక్క ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. ఇన్నేళ్ళకి ఆ మాట మీకు తిరిగి అప్పజెబుతున్నాను. మర్యాద ఒక్క నిమిషం పక్కన పెడతాను. బావా, కరిస్తే చెప్పు.

వేసుకున్న రోజే రాయండి. మొదటి రోజు ఎలా ఉందన్నది నాకు చాలా ముఖ్యం. పోస్టుమాన్ కోసం అరుగు మీదే కూర్చుని ఉంటాను.

పాండురంగారావు

*

ఆగిరిపల్లి
4 నవంబరు 2024

పాండూ,

నిన్ను మెచ్చుకుంటూ ఒక ఉత్తరం రాయాల్సి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. బూట్లు కాళ్ళతోపాటే పుట్టినట్టున్నాయి. కరవలేదు సరికదా వేసుకున్న సంగతే తెలియడం లేదు. మొదట దూర్చడానికి కాస్త తిప్పలు పడ్డాను. దూరాక అంతా హాయే.

పొద్దున్నే రసాల చెట్ల వరసలో ఈ చివర్నుంచి ఆ చివరికి పరిగెడుతున్నాను. మొదట్లో ఆయాసమొచ్చి ప్రతి చెట్టునీ కౌగిలించుకున్నాను. ఇప్పుడు దాటుకుంటూ పోతున్నాను. ఎర్రబూట్లు చూసి కూలివాళ్ళు పని మానేసి మరీ నవ్వుతున్నారు. నవ్వనీ. జనవరిలో నువ్వు నా గుమ్మంలో నిలబడి "బాగున్నారా బావగారూ" అంటుంటే వాళ్ళందరినీ పిలిపిస్తాను.

నీ బావ

*

మైలవరం
14 నవంబరు 2024

బావగారి పాదపద్మములకు నమస్కారములు.

నిజంగా కరవలేదా? బొటనవేలు? చిటికెన వేలు? మడమ? అభిమానానికి పోయి అబద్ధం రాయకండి. ఇబ్బందిగా ఉందని ఒక్క ముక్క రాస్తే చాలు, మార్పించి పంపుతాను. "అమ్మో, చచ్చాను పాండూ" అని రాయండి చాలు. ఆ కార్డు పటం కట్టించుకుంటాను.

మీరు రాయరని నాకు తెలుసు. అయితే విప్పకండి. తోటలోకి వెళ్ళినా అవే, బజారుకి వెళ్ళినా అవే వేసుకోండి. ఎన్నాళ్ళు ఓర్చుకుంటారో చూస్తాను. మీ మొండితనం గొప్పదో నా ఓపిక గొప్పదో తేలిపోవాలి.

పాండురంగారావు

*

ఆగిరిపల్లి
9 డిసెంబరు 2024

పాండురంగారావుకి ఆశీస్సులు.

తోటలో పూత బాగా విచ్చింది. తేనెమంచు పురుగు పడకుండా మందు కొట్టిస్తున్నాను. ఈ మంచు ఇలాగే ఉంటే కష్టమే. నా పరుగు మాత్రం కుర్రాడి పరుగులా ఉంది. ఊరి చివరిదాకా వెళ్ళి ఆగకుండా వచ్చేస్తున్నాను.

ఒక్క ఫిర్యాదు ఉంది. నువ్వు కొన్న బూట్లు రంగు పోతున్నాయి. పరిగెత్తి వచ్చి విప్పితే కుడికాలి సాక్సు ఎర్రగా తడిసి ఉంటోంది. ఎంత ఉతికినా ఆ మరక పోవడం లేదు. కొట్టువాడు నీకు నాసిరకం సరుకు అంటగట్టాడు. బొటనవేలి గోరు కూడా ఊడింది. పాత గోరే, నొప్పీ లేదు ఏమీ లేదు.

మీ అక్క చూస్తే పరుగు మాన్పిస్తుందని, పందెం అయ్యేదాకా నా పాదాలు చూడనని నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. కాళ్ళు నేనే కడుక్కుంటున్నాను, సాక్సులు బుచ్చయ్య చేత ఉతికిస్తున్నాను. రంగు సంగతి కొట్టువాణ్ణి గట్టిగా అడుగు.

నీ బావ

*

మైలవరం
14 డిసెంబరు 2024

బావగారికి,

నమస్కారాలు తర్వాత. ఆ షూస్ రంగు పోదు. అది రంగు పోయే సరుకు కాదు.

అక్క కోసిన పుల్లని నేను తుంచాను. ముందు వదిలిన ఖాళీ, దాంతోపాటు ఇంకో గోరంత. తుంచిన పుల్లకే షూ కొన్నాను. రెండు రోజుల్లో మీరు కుంటుకుంటూ లబోదిబోమంటారని, ఆ ఉత్తరం మా అల్లుడికి చదివి వినిపించాలని అనుకున్నాను. అంతే, ఇంకేం లేదు. మీరు కరవలేదని రాస్తుంటే పంతానికి ఓర్చుకుంటున్నారని అనుకున్నాను. అది రంగు కాదు. వెంటనే విప్పెయ్యండి. అక్కకి కాలు చూపించండి. సరైన కొలతవి నేను పంపుతాను.

పాండురంగారావు

*

ఆగిరిపల్లి
20 డిసెంబరు 2024

పాండూ,

నీ ఉత్తరం చదివి కడుపుబ్బ నవ్వాను. పందెం దగ్గరపడేసరికి నీ కాళ్ళు వణుకుతున్నాయన్నమాట. బావ ఊరి చివరిదాకా పరిగెడుతున్నాడని తెలిసేసరికి, అలవాటైన బూట్లు విప్పించి పందెం ముందు కొత్తవి తొడిగించాలని చూస్తున్నావు. కొత్తవి పందేనికి పనికిరావని రాసింది నువ్వే కదా? పుల్ల తుంచితే బూటు కరవాలా వద్దా? నా కాలు నాకు తెలియదా?

ఇలాంటి పిరికి ఎత్తు వేస్తావని అనుకోలేదు. మీ అక్కకి చూపించలేదులే, తమ్ముడి పరువు పోతుందని దాచాను. దిండు కింద పెట్టుకున్నాను. నీకు బూరెలు వండుకునే శ్రమ తప్పింది. నా గుమ్మంలో ఏం మాట్లాడతావో ఇప్పటినుంచే బట్టీ పట్టు.

నీ బావ

*

ఆగిరిపల్లి
7 జనవరి 2025

పాండూ,

గెలిచాను. ఆగకుండా, నడవకుండా చివరిదాకా పరిగెత్తాను. దీప్తి అనే చిన్నపిల్ల నా మెడలో పతకం వేసి "సూపర్ తాతయ్యా" అంది. అవే ఎర్రబూట్లు. నువ్వు పంపినవే.

చలిగాలికి కాబోలు నిన్నటినుంచి జ్వరంగా ఉంది, అక్షరాలు సరిగా రావడం లేదు. సాక్సులు కుళ్ళిన వాసన వస్తున్నాయని మీ అక్క ఒట్టు తీసి గట్టు మీద పెట్టి కాలు చూసింది. అప్పట్నుంచీ ఏడుస్తోంది. బొటనవేలు కాస్త నల్లబడింది, అంతే. నిన్ను రమ్మంటోంది. పందెం కోసం కాదు, ఊరికే రమ్మంటోంది. నీకు ఫోన్ కూడా చేస్తానంటోంది. వచ్చి మాట్లాడు.

నీ బావ

*

మైలవరం
11 జనవరి 2025

బావగారికి,

నేను రాను. ఈ పందెం చెల్లదు.

ఉన్నదంతా విప్పి చెప్పుకుంటే నన్ను పిరికివాణ్ణన్నారు. అయితే ఆ షూస్‌తో అంత దూరం పరిగెత్తడం మనిషన్నవాడికి సాధ్యం కాదని నాకు తెలుసు. నా ఉత్తరం అందగానే గుట్టుగా సరైన కొలతవి కొనుక్కుని ఉంటారు. ఎర్రవే వెతికి కొని ఉంటారు. పైగా జ్వరమని నాటకం. నన్ను గుమ్మంలోకి రప్పించి కూలివాళ్ళ ముందు నిలబెట్టాలని అక్కని కూడా ఇందులోకి లాగారు. నిన్నటినుంచి ఆవిడ ఫోన్ మీద ఫోన్ చేస్తోంది. ఎత్తలేదు, ఎత్తను. ఆవిడ చేత ఇలాంటి పనులు చేయించకండి. మా ఇంట్లో బూరెలు మీ కోసం కాచుకుని ఉంటాయి. ఓడిపోయానని ఒప్పుకుని వచ్చి తినండి.

పాండురంగారావు

*

ఆగిరిపల్లి
12 ఫిబ్రవరి 2025

పాండూ,

ఆసుపత్రి నుంచి నిన్న ఇంటికి వచ్చాను. మంచం మీంచి తోట కనిపిస్తోంది. పిందె నిలబడింది.

జనవరిలో నీ ఉత్తరం వచ్చేసరికి నాకు ఒంటిమీద తెలివి లేదు. మీ అక్క చదివింది. దిండు కింద ఉన్న డిసెంబరు ఉత్తరం కూడా చదివింది. అప్పట్నుంచీ నీ పేరు ఆవిడ నోట వినలేదు. నువ్వు ఫోన్ ఎత్తుతావని ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి బుచ్చయ్య చేత ఆటో పిలిపించి బెజవాడ తీసుకెళ్ళింది. రెండు రోజులు ముందు తెచ్చి ఉంటే వేళ్ళతో పోయేదన్నాడు డాక్టరు. కుడిపాదం సగానికి తీసేశారు.

కరవలేదా, నిజం చెప్పు అని ఎన్నిసార్లో రాశావు. నిజమే చెప్పాను. కరవలేదు. నాకు షుగరుంది. ఆ జబ్బుతో కాళ్ళు మొద్దుబారిపోయాయి. ముల్లు దిగినా తెలియదు, నిప్పు మీద వేసినా తెలియదు. ఈ సంగతి మీ అక్కకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. రసాల తోట ఉండి రసం చీకే రాత లేదని నువ్వు ఊరూరా చెప్పి నవ్విస్తావని, నీకు మాత్రం చెప్పొద్దని ఆవిడ దగ్గర మాట తీసుకున్నాను. స్వాతి పెళ్ళిలో నీ బూరె అందుకే ముట్టలేదు. పందెంలో ఓడితే అవే బూరెలు తినమన్నావు చూడు, అందుకే అంత కసిగా పరిగెత్తాను.

నువ్వు ఏడవాలనే ఇదంతా రాస్తున్నాను. ఏడువు.

ఎవరు చెప్పారో ఏమో, ఆసుపత్రికి వచ్చావు. తలుపు దగ్గర నిలబడి, గారు లేకుండా, "బావా" అన్నావు. విన్నాను. పందెం ప్రకారం ముందు నువ్వే మాట్లాడావు. తిరిగి నేను మాట్లాడాలని పందెంలో లేదు. అందుకే గోడవైపు తిరిగాను. మళ్ళీ వచ్చినా అటే తిరుగుతాను.

ప్రతి ఉత్తరంలో పాదపద్మములకు అని రాసేవాడివి. ఒకటిన్నరకి బహువచనం చెల్లుతుందో లేదో నువ్వే తేల్చుకో, చదువు చెప్పినవాడివి.

గాయం మానాక కుడికాలికి ప్రత్యేకంగా బూటు కుట్టించుకోవాలట. మెత్తగా, వదులుగా, లోపల కుట్టు తగలకుండా ఉండాలట. అక్టోబరులో మీ అక్క నా చేత రాయించిన మాటలే డాక్టరూ చెప్పాడు. ఆ బూటు నువ్వే చేయించాలి. ఇంకెవరు తెచ్చినా వేసుకోను. అది అరిగిపోతే మళ్ళీ నువ్వే, నేను పోయేదాకా నువ్వే. కొలతకి ఈనుపుల్ల ఇందులో పెట్టాను. మీ అక్కే కోసింది. మరీ పొట్టిగా ఉందేమిటని అనుమానపడకు, కొలత సరైనదే. ఈసారి తుంచకు. తుంచాల్సినంతా తుంచేశారు.

మాటలు లేని
నీ బావ